చిన్నోళ్ళు ముందు చెప్పాల

మురకంబట్టు, చిత్తూరు
జూలై నెల, ఆదివారం

సంతోషమ్మకు,

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. గూడూరులో నువ్వు, అమ్మాయి ప్రసన్నకుమారి, అల్లుడు, పిల్లలు దేవుడి దయవల్ల సుఖంగా ఉన్నారని తలుస్తాను. నువ్వు ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం పట్టుకున్నాను. అదీ మంచిదే. ఫోనులో అయితే నేను రెండో మాట అనేలోపే పెట్టేస్తావు.

మీ అన్న దయానంద్ తప్పిన మాటతో మొదలుపెడతాను. ముప్పై అయిదేళ్ళ నాటి సంగతి ఇప్పుడెందుకని ఇక్కడే ఆపేయకు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కొత్తగా పెట్టిన ఏడాది అది. కాయ మాగబెట్టే షెడ్డుకు మీ అన్న మేస్త్రీ, నేను సీజను కూలీని. ఒకరోజు మన ఇంట్లో నీ చేతి సంగటి తింటూ, "బావా, షెడ్డులో మొట్టమొదటి పర్మనెంటు కార్డు నీదే. నీ ముక్కు లాంటి ముక్కు ఈ పక్క యాడా లేదు. ఇది నా మాట" అన్నాడు. నువ్వు నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నావు. ఆ కార్డు తన భార్య తమ్ముడు గోవిందుకు ఇప్పించాడు. గోవిందుకు పని నేర్పింది నేను. నేను నేర్పినవాడు పర్మనెంటు అయ్యాడు, నేర్పిన నేను మరి పదిహేడేళ్ళు సీజను కూలీగా ఉన్నాను.

లేబరు ఆఫీసుకు అర్జీ రాసుకుని చొక్కా వేసుకుంటే నువ్వు గడపకు అడ్డం నిలబడ్డావు. "మా అన్న మీద అర్జీ పెడితే నేను పుట్టింటికి ఏ మొగం పెట్టుకోని పొయ్యేది? నోరు మూసుకో. నాకోసరం" అని నా నోటి మీద చెయ్యి పెట్టావు. ఆ చేతికి ఉల్లిపాయ వాసన. ఇది ఎందుకు రాస్తున్నానో చివర తెలుస్తుంది.

ముందు నీ ఉత్తరానికి జవాబులు. మనవరాలు లోహిత చేత బాగానే రాయించావు, దాని దస్తూరి నీ కంటే నయం.

తిండి సరిగ్గా తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. పక్కింటి నిర్మలమ్మ మొన్న గిన్నె మూత తీసి, "ఏం పెద్దాయనా, ఈ సాంబారు పాసిపోయి బుడగలు వస్తాంది, ఎట్ల తింటాండావు?" అని నా కంచం ముందు నుంచే తీసుకుపోయి పారబోసింది. పాలు రెండుసార్లు మాడాయి. గిన్నె ఇటుక పొడితో తోమాను, నల్లమచ్చ పోలేదు, వచ్చాక తిట్టవచ్చు. షుగరు మాత్రలు వేసుకుంటున్నాను. కోళ్ళు నాలుగూ ఉన్నాయి. పుస్తకాలు అటక మీద నుంచి దించావా అన్నావు. దించాను, చదవడం లేదు. రాజుల భోజనంలో విషముందేమోనని ముందు రుచి చూసే నౌకర్ల గురించి ఒక చరిత్ర పుస్తకంలో చదివాను. వాళ్ళలో ఎవడికైనా నాలుక చచ్చిపోతే ఏం చేసేవాడో ఆ పుస్తకంలో లేదు.

ఆఖరి లైను మాత్రం నీ చేత్తో రాశావు. "మునిచంద్ర పని ఏమాయె? నువ్వు నోరు తెరిచినావా?" దానికి జవాబే ఈ ఉత్తరమంతా.

నువ్వు వెళ్ళేనాటికి సంగతి సగమే నడిచింది. షెడ్డులో ఈ ఏడు ఒకే ఒక పర్మనెంటు పోస్టు. పోటీలో ఇద్దరు, ఇద్దరూ నా దగ్గర పని నేర్చుకుంటున్నవాళ్ళే. ఒకడు మీ అన్న కూతురి కొడుకు మునిచంద్ర. రెండోది నిస్సీ. బంగారుపాళ్యం పిల్ల, తొక్క తీసే బల్ల దగ్గర కూలికి వచ్చి, మూడేళ్ళుగా నా వెంట షెడ్డులో తిరుగుతోంది. నోరు పెద్దది, దాంతో గొడవపడని వాళ్ళు ఫ్యాక్టరీలో లేరు, నాతో సహా.

నా పని ఏమిటో ఇన్నేళ్ళలో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. పచ్చి బెంగుళూరు మామిడిని పెట్టెల్లో పేర్చి గదుల్లో పెట్టి, మాగడానికి గ్యాసు వదిలి మూస్తారు. గది ఎప్పుడు తెరవాలన్నది నా ముక్కు మీద ఆధారపడిన పని. ఒక పూట ముందు తెరిస్తే గుజ్జు పాలిపోయి పుల్లగా వస్తుంది, ఒక పూట ఆలస్యమైతే కల్లు వాసన కొడుతుంది. వేలితో నొక్కితే ఆ కాయ సంగతే తెలుస్తుంది. గది మొత్తం సంగతి వాసనలోనే ఉంటుంది. నేను లోపలికి వెళ్ళి వచ్చి తలుపు మీద సుద్దముక్కతో గీత గీస్తే పొద్దున తెరుస్తారు, సున్నా చుడితే ఆగుతారు.

నేర్పడంలో నాది ఒక పద్ధతి. మీ అన్న నేర్పేటప్పుడు ముందు తానే జవాబు చెప్పేసేవాడు, కుర్రవాళ్ళు అవునవునని తల ఊపేవాళ్ళు. నేను దాన్ని తిరగేశాను. నాతోబాటు గదిలోకి వచ్చిన చిన్నవాళ్ళు ముందు చెప్పాలి. "చిన్నోళ్ళు ముందు చెప్పాల, పెద్దోడు తరవాత" అనేది మా షెడ్డు మాట అయిపోయింది. మేనేజరు గిరిప్రసాద్ వేరే ఫ్యాక్టరీల వాళ్ళను తెచ్చి మరీ చూపించేవాడు.

నువ్వు గూడూరుకు బయలుదేరిన పొద్దున బ్యాగు భుజాన వేసుకుని, "మునిచంద్రకు నీ వల్ల అడ్డం రాకూడదు. వచ్చిందంటే నేను ఈ గడప మళ్ళా తొక్కను" అన్నావు. ఆ సాయంత్రమే మీ అన్న వచ్చాడు. మోకాళ్ళు పట్టుకుపోయినా మునిచంద్ర బండి మీద వచ్చాడు.

"ఏం బావా, ఎట్లుండావు? ముక్కు ఇంకా పని చేస్తాందా?"

"నీ మాట కంటే బాగానే చేస్తాంది" అన్నాను.

"ఇంకా అదే పట్టుకోనుండావా? అప్పుడు ఇంట్లో ఆడది పోరు పెట్టె. నేనేం జేసేది?"

"ఇప్పుడు నా ఇంట్లో ఆడది పోరు పెడతాంది. నేనేం జేసేది?"

"అందుకే గదా వొచ్చింది" అని నవ్వాడు. "పిల్లోడు మంచోడు బావా. కొంచెం తొందర, అంతే. నువ్వు గీసే గీత వాడి బతుకు."

పోయేటప్పుడు మన కోడిని ఒకదాన్ని చూసి బాగా ఎదిగిందన్నాడు. ఇవ్వలేదు.

ఫ్యాక్టరీలో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. పోస్టు నా చుట్టానికేనని గేటు దగ్గర అనుకుంటున్నారట. గిరిప్రసాద్ మర్యాదస్తుడు, నింద పడకూడదనుకున్నాడు. అందుకని పరీక్ష పెట్టాడు. నాలుగు గదులు. ఇద్దరూ విడివిడిగా లోపలికి వెళ్ళి వచ్చి, తెరవాలో వద్దో ఆయన చెవిలో చెప్పాలి. ఆ తరవాత నేను వెళ్ళి తలుపుల మీద గుర్తు వేయాలి. ఎవరి మాట నా గుర్తుతో ఎక్కువసార్లు కలిస్తే పోస్టు వాళ్ళది. "మీ పద్ధతే పెద్దాయనా, చిన్నోళ్ళే ముందు" అన్నాడు సంతోషంగా. ఇంతకంటే న్యాయమైన పరీక్ష ఉండదని అందరూ అన్నారు. నేను సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

నేను మొదటి గదికి గీత గీశాను. రెండోదానికి గీత. మూడోదానికి సున్నా. నాలుగోదానికి గీత. మునిచంద్ర నాలుగూ తెరవవచ్చన్నాడట, వాడిది ఎప్పుడూ తొందరే. నిస్సీ మొదటిది తప్ప మిగతావి ఆగాలన్నదట. వాడికి మూడు కలిశాయి, ఆమెకు రెండు. ఒక్క గది తేడా. గిరిప్రసాద్ అందరి ముందూ వాడి చెయ్యి పట్టుకుని ఊపాడు. నిస్సీ నన్నే చూస్తూ నిలబడింది.

మరునాడు పొద్దున గదులు తెరిచారు. కోత బల్ల దగ్గర ఆడవాళ్ళు, "ఏందబ్బా ఇది, కత్తికి పాలు కారతాంది, ఎవురు తెరిపించినారు?" అని అరిచారు. రెండో గది పచ్చి. నాలుగో గది పచ్చి. గిరిప్రసాద్ గ్యాసు సిలిండరును అనుమానించాడు, గ్యాసు పంపినవాణ్ణి ఫోనులో తిట్టాడు. నా ముక్కును అనుమానించడం ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నం షిఫ్టు దిగినవాళ్ళు, పోస్టు చుట్టానికి పోయిందని గేటు దగ్గర ధర్నాకు కూర్చున్నారు. వాళ్ళకు కార్మిక చట్టాలు చదివి వినిపించిన వాణ్ణి నేనే కదా. నేను బయటికి వస్తుంటే లోడింగు తిరుమలయ్య, "ఏం సుందరరాజన్నా, దయానంద్ తన బామ్మర్దికి కార్డు ఇప్పించినాడని ఇన్నేండ్లు మా చెవులు కొరికితివే. నీ మనవడి కాడికొచ్చేసరికి ఏమాయె?" అన్నాడు. అందరూ నవ్వారు. ముప్పై అయిదేళ్ళు మీ అన్నను తిట్టిన మాటలన్నీ ఒక్కొక్కటే నా వైపు తిరిగి వచ్చాయి.

కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే నిస్సీ వచ్చింది.

"తాతా, నిన్న రెండో రూములో నీకు ఏం వాసన వొచ్చింది?"

"మాగిన వాసనే."

"ఆ రూములో ఎలక సచ్చి కుళ్ళిపోయి ఉండాది. మునిచంద్ర ముక్కు మూసుకోని బయటికి పరిగెత్తినాడు. నువ్వు మాత్రం తోటలో తిరిగొచ్చినట్టు వొచ్చి గీత గీసినావు."

నేను పంచె పిండుకుంటూ ఉన్నాను.

"నాకు ఎప్పుడో దెలుసు. మూడేండ్లు నా ముక్కుతో బతికినావు తాతా. నేను ముందు చెప్తే నువ్వు 'ఊ' అని నీ మాటగా చేసుకున్నావు. పోనీలే, ముసిలోడు, నేర్పించినోడు, ఒక పూట కూడు తింటాండాడని ఊరుకున్నా. నా పరీక్షకు గూడా నువ్వే జవాబంటే నేనెట్ల ఊరుకునేది?"

సంతోషమ్మా, ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఇన్నాళ్ళూ నీకే చెప్పలేదు. ఆ మాయదారి జ్వరం వచ్చిన ఏడాది, నువ్వు మిరియాల కషాయం తాగించి నన్ను బతికించావే, ఆ జ్వరంతో నా ముక్కు పోయింది. తిరిగి వస్తుందని డాక్టరు అన్నాడు. రాలేదు. నీ తలలో పువ్వు వాసన లేదు, కాలిన అన్నం వాసన లేదు, వాన పడిన మట్టి వాసన లేదు. రిటైరైన నన్ను ఏటేటా సీజనుకు పిలిచేది ఈ ముక్కు కోసం. అది లేదంటే నేను ఎవణ్ణి? గేటు దగ్గర టీ తాగే ముసలివాణ్ణి. ఆ భయంతో దాచాను. ఆ ఏడే నిస్సీ నా దగ్గరికి వచ్చింది. చిన్నోళ్ళు ముందు చెప్పాల అన్న పద్ధతి నేను న్యాయం కోసమే పెట్టాను, అది నన్ను దాచిపెట్టడానికి సరిగ్గా సరిపోయింది. ఆమె చెప్పేది, నేను కాసేపు ఆలోచించినట్టు నిలబడి, ఆమె చెప్పిన గుర్తే వేసేవాణ్ణి. మునిచంద్ర వచ్చాక ఇద్దరి మాట వేరైనప్పుడల్లా ఆమె మాటే గెలిచేది. పరీక్ష రోజున మాత్రం వాళ్ళు గిరిప్రసాద్ చెవిలో చెప్పారు. నాకు వినపడలేదు.

నిన్న గిరిప్రసాద్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన నమ్మలేదు. కళ్ళు మూసుకోమన్నాడు, మూసుకున్నాను. "ఇప్పుడు ఏం వాసన?" అన్నాడు. ఏమీ లేదన్నాను. "కాఫీ పొడి డబ్బా మీ ముక్కు కిందనే పెట్టినాను పెద్దాయనా" అని డబ్బా మూసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడొచ్చి చెప్తే నన్నేం చేయమంటారు? మూడేళ్ళుగా ప్రతి గదీ సుందరరాజు చూసినట్టే రిజిస్టరులో ఉండాది. ఆ అమ్మాయి చూసినట్టు యాడా లేదు. హెడ్డాఫీసు అడిగితే నేనేం చూపించేది?"

"మళ్ళీ పరీక్ష పెట్టండి. నన్ను తీసేసి, తెరిచిన కాయనే జవాబుగా పెట్టండి" అన్నాను.

"పోస్టు ఆర్డరు హెడ్డాఫీసుకు పోయింది. మళ్ళీ పెడితే మొదటిది ఎందుకు చెడిందో చెప్పాల. చెప్తే గుజ్జు కొనేవాళ్ళు ఊరుకుంటారా? మీరు ఇంటికి పొండి, రేపటి నుంచి రావద్దు. ఈ మాట మాత్రం ఈ గది దాటగూడదు. మీ మంచికే చెప్తాండాను."

ఆయన కూడా నోరు మూసుకోమన్నాడు. మర్యాదగా అన్నాడు, నీలాగే నా మంచికే అన్నాడు. నేను గది దాటి, గేటు దగ్గరికి నడిచి, అక్కడ కూర్చున్న అందరి ముందూ చెప్పేశాను. మూడేళ్ళుగా నాకు వాసన లేదని, గదులన్నీ నిస్సీ చూసిందని, పోస్టు ఆమెదని. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తిరుమలయ్య, "అయితే మూడేండ్లుగా ముక్కు లేని మేస్త్రీకి దండం పెడతాండామా" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే లేచి బట్టలు దులుపుకుని పోయారు. వాళ్ళు కూర్చున్నది చుట్టరికం మీద. ముసలివాడి ముక్కు మీద ఎలా కూర్చోవాలో వాళ్ళకు తెలియలేదు.

నిస్సీ అక్కడ లేదు. అంతకు ముందు రోజే సత్యవేడు పక్క ఏదో కంపెనీకి రోజుకూలికి పోయిందట. ఫోను చేశాను.

"చెప్పినావంట గదా తాతా. పరీక్ష రోజు చెప్పింటే నాకు పనికొచ్చేది. పెట్టేస్తాండా, లైనులో నిలబడుకోనుండా."

అంతే. తిట్టినా బాగుండేది.

సాయంత్రం మునిచంద్ర ఇంటికి వచ్చాడు. కొట్టడానికి వచ్చాడేమో అనుకున్నాను. గడప దగ్గర కూర్చుని చేతులు నలుపుకున్నాడు. "తాతా, నాకు ఇంకా ఏమీ రాదు. నువ్వు పోతివి, నిస్సీ పాయె. రేపు రూములోకి పోతే నాకు ఎవురు చెప్తారు?" అన్నాడు. మీ అన్న మనవడు చెడ్డవాడు కాదు సంతోషమ్మా. వాడికి ఉద్యోగం ఇప్పించారు, పని ఇప్పించలేదు. ఇద్దరం ఆ గడప మీదే చీకటి పడేదాకా కూర్చున్నాం. వాడికి చెప్పడానికి నా దగ్గర వాసన లేదు.

ఇక నీ ప్రశ్న. నోరు తెరిచినావా అంటే, తెరిచాను. ఇంటికి వస్తావా, రావా, అది నీ ఇష్టం. తాళం నిర్మలమ్మ దగ్గర ఉంటుంది. నీ నీలం చీర ఉతికి మడత పెట్టాను. నీ మోకాలి మందు ఇక్కడే మరిచిపోయావు, గూడూరుకు రైల్లో వచ్చే మన వీధి వెంకటరమణతో ఈ ఉత్తరంతోబాటే పంపుతున్నాను, రెండు పూటలా రాసుకో.

నాలుగో గది దగ్గర ఏం జరిగిందో ఒక్కటి మిగిలింది. మొదటి మూడు తలుపులకూ గుడ్డిగా గుర్తులు వేశాను. నాలుగో తలుపు ముందు మాత్రం గుడ్డిగా లేను. వాడు ఎప్పుడూ తెరవమంటాడు, ఆమె ఎక్కువగా ఆగమంటుంది. గీత గీస్తే వాడికి, సున్నా చుడితే ఆమెకు. ఆ సంగతి అక్కడ నాకు తట్టింది. సుద్దముక్క సున్నాకే వంగింది. అప్పుడు బ్యాగు భుజాన వేసుకున్న నువ్వు గుర్తొచ్చావు. నా నోటి మీద నీ చెయ్యి ఉన్నట్టే ఉంది, దాని ఉల్లిపాయ వాసన కూడా తెలిసినట్టే అయింది. మూడేళ్ళలో నాకు తెలిసిన వాసన అదొక్కటే. గీత గీశాను.

మీ అన్న మాట తప్పాడు. తప్పడం అతని గుణం, అతనికి తన మనుషులే మనుషులు. ముక్కు పోవడం జబ్బు. దాచడం నా పిరికితనం, దాని శిక్ష నేను పడుతున్నాను, నిస్సీ కూడా పడుతోంది. కానీ అన్యాయం ఎదురుగా నిలబడినప్పుడు ఇల్లు నిలవాలంటే నోరు మూసుకోవాలని నాకు నేర్పిన మనిషి ఒకరు ఉన్నారు. నేను ఎందరికో పని నేర్పాను, ఎవరికీ అంత బాగా వంటబట్టించలేకపోయాను. ఆ రోజు నన్ను లేబరు ఆఫీసుకు పోనిచ్చి ఉంటే కార్డు వచ్చేదో రాదో తెలియదు. నాలుగో తలుపు ముందు నా చెయ్యి మాత్రం నాదై ఉండేది. లోకమంతా దయానంద్‌ను తిట్టుకుంటూ తిరిగాను, ఇంట్లోకి చూడలేదు. ఈ వయసులో కూడా నేను తప్పు పడుతున్నది మీ అన్నను కాదు. నిన్ను, సంతోషమ్మా.

ఇట్లు,
నీ ఇంటాయన
సుందరరాజు